పేరు చెప్పని పొడి

విజయవాడ,
4 నవంబరు 2025, మంగళవారం

అక్కా,

నిన్న ఉదయం పదకొండూ ఇరవైకి డాక్టరుగారు నాకు ఏడీహెచ్‌డీ ఉందని చెప్పారు. నలభై ఆరేళ్ళ నుంచీ ఉందట. పేరు మాత్రం నిన్ననే తెలిసింది.

ఇది పిచ్చి కాదు. మీ మరిదిగారు ముందు ఆ మాటే అన్నారు కాబట్టి ముందే చెబుతున్నా. మనసు ఒకచోట నిలవదు. పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తుండదు. ఒక పని సగంలో వదిలి ఇంకోటి పట్టుకుంటాం. గోల చేసే పిల్లలైతే బళ్ళో టీచర్లు పోల్చుకుంటారట. గోల చెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల్ని ఎవరూ పోల్చుకోరట. ముట్లు తప్పే వయసులో ఒంట్లో మార్పులకి ఇది ఇంకా ముదురుతుందట.

డాక్టరు దగ్గరికి ఎందుకెళ్ళానంటే, అక్టోబరు 18న పాలు పొయ్యి మీద పెట్టి, కిందకి కూరల బండి వస్తే దిగాను. అక్కణ్ణుంచి అటే షాపుకి, పనిలోకి వెళ్ళిపోయాను. గిన్నె మాడి, కిటికీ పరదా అంటుకుంది. పక్కింటివాళ్ళు ఆర్పారు. సాయిశ్రీ కాలేజీ నుంచి వచ్చి వంటింట్లో నల్లగోడ చూసి, "అమ్మా, ఇది మతిమరుపు కాదు, పద" అని బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టర్ ప్రత్యూషగారి దగ్గరికి తీసుకెళ్ళింది. చూస్తే సాయిశ్రీకి అక్కలా ఉంటారు ఆవిడ, కానీ గంటంపావు నేను చెప్పింది విన్నారు. నా జన్మలో ఎవరూ అంతసేపు వినలేదు.

మాత్ర రాశారు. దానికి ముందు గుండె పరీక్ష చేయించాలి. ఇంకో పని నీది. నా చిన్నతనం ఎరిగినవాళ్ళు ఎవరైనా ప్రశ్నల కాగితం నింపాలట. అమ్మ లేదు కాబట్టి నువ్వే సాక్షివి. పద్దెనిమిది ప్రశ్నలు, అవునో కాదో పెట్టు.

ఫోనులో అయితే నువ్వు చెప్పింది పెట్టేసేలోపు నాకు గుర్తుండదు. కాగితమైతే మళ్ళీ చూసుకోవచ్చు. మంగళ, శుక్రవారాలు మీ ఊరి చీరల మూటలు మా షాపుకి తెచ్చే యేసుబాబు వ్యానులో పంపు. పైమూటలో మొదటి చీర మడతలో పెట్టు. సరుకు విప్పి చూసేది నేనేగా, ఇంకెవరి చేతా పడదు.

నీ
భ్రమరాంబ


పెడన,
7 నవంబరు, శుక్రవారం

భ్రమరకి,

ఇక్కడ మనుషులం కులాసా, మగ్గం ఒక్కటే కాదు. తుఫాను వెళ్ళి పదిరోజులైనా మగ్గం గుంటలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. మీ బావగారు పొద్దున తోడతారు, సాయంత్రానికి మళ్ళీ మోకాలి లోతు. పెరట్లో మొక్కలన్నీ కుళ్ళాయి.

నీ కాగితం నింపాను. పద్దెనిమిదింటికి పదిహేను అవును. దానికి సాక్ష్యం కూడా రాశాను. నాలుగో క్లాసులో పలక మర్చిపోయావని పంతులుగారు ఇంటికి పంపితే, దారిలో కుక్క పిల్లలు పెట్టిందని చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నావు. చీకటి పడ్డాక పలకా లేదు, చెప్పులూ లేవు.

అయినా దీనికి డాక్టరెందుకే? అమ్మ ఏం తక్కువా? తాళాలగుత్తి బొడ్లో పెట్టుకుని ఊరంతా వెతికేది. రాఘవమ్మ అత్తయ్య ఒక పొడి ఇచ్చేది చూడు, తల నిలవని ఆడవాళ్ళకని. అది చెయ్యడం నాకు నేర్పి పోయింది. పోయేముందు దీపం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. మందు పేరు చెబితే మందు పనిచెయ్యదు, చెప్పినవాళ్ళకీ తిన్నవాళ్ళకీ తగులుతుంది అని. కాబట్టి నువ్వు అడగొద్దు, నేను చెప్పను. అన్నీ ఆకులూ వేళ్ళే. తుఫానుకి ముందు ఎండబెట్టి దంచిందే ఉంది, డబ్బా పంపుతున్నా.

పరగడుపున అర చెంచా గోరువెచ్చటి నీళ్ళల్లో. రాత్రి అర చెంచా పాలల్లో. చెంచా తడిగా ఉండకూడదు. పులుపు తగ్గించు, నీకు చెప్పినా వినవనుకో. మరిదిగారికి కోపం తెప్పించకు. సాయిశ్రీని అడిగానని చెప్పు. ఇక చోటు లేదు.

(కాగితం వెనక)

నలభై రోజులే. నలభై ఒకటో రోజు ముట్టుకోకు. ఎవరడిగినా అత్తయ్య మళ్ళీ ఇచ్చేది కాదు. కడుపులో తిప్పితే అంతకు ముందే ఆపు. డాక్టరు మాత్ర మొదలుపెడితే ఇది వద్దు, రెండూ కలపకూడదు.

అక్క
మాణిక్యమ్మ


విజయవాడ,
16 డిసెంబరు, మంగళవారం

అక్కా,

ఆలస్యానికి తిట్టకు. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకటి కూరగాయల సంచిలో దొరికింది, రెండోది దొరకలేదు.

నీ పొడి పనిచేస్తోంది. నిద్ర పడుతోంది. శుక్రవారం వచ్చిన సరుకులో అరవై చీరలు వరసగా విప్పి చూశాను, మధ్యలో లేవలేదు. పందొమ్మిదో చీరలో పమిట దగ్గర పోగు తప్పింది పట్టుకున్నాను. గల్లా దగ్గర కూర్చునే సీతమ్మగారు, "ఏం భ్రమరాంబా, ఈమధ్య తాళాలు కనపడ్డాయా అని అడగడం లేదు, మెళ్ళో కట్టుకున్నావా?" అంది. నీ పొడి సంగతి చెబితే ఆవిడా ఆసక్తిగా అడిగింది. డబ్బా అయిపోవచ్చింది. ఇంకోటి పంపు.

గుండె పరీక్ష బాగానే వచ్చింది. మాత్రలు కొన్నాను, బీరువాలో పెట్టాను. ప్రత్యూషగారు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే లేదన్నాను. మనది మందు కాదుగా, ఇంట్లో పొడి.

బావగారిని అడిగానని చెప్పు. మగ్గం ఎండిందా?

భ్రమరాంబ


పెడన,
19 డిసెంబరు, శుక్రవారం

భ్రమరకి,

మగ్గం ఎండింది, మీ బావగారే ఇంకా తడిగా ఉన్నారు. నెలరోజులు పని పోయిందని మొహం అలాగే పెట్టుకున్నారు.

సీతమ్మగారికి డబ్బా పంపుతున్నా. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ, అయినా నీ మాట మీద. నీకు రాసినట్టే ఆవిడకీ రాసివ్వు, ఒక్క ముక్క తగ్గకుండా. ఈసారి పొడి కాస్త నల్లగా ఉంటుంది, కంగారుపడొద్దు.

మిగిలింది నేను వేసుకుంటున్నా. నాకూ ఈమధ్య నూలు కండె చేతిలో పెట్టుకుని కండె కోసం వెతకడం ఎక్కువైంది. మీ బావగారు, "మీ ఇంటి ఆడవాళ్ళకి ఇదేమన్నా అంటురోగమా?" అంటున్నారు. "అంటురోగమైతే ఇరవై తొమ్మిదేళ్ళలో మీకూ అంటేది" అన్నాను.

నువ్వు బాగుపడ్డావు, నాకు అదే చాలు. అత్తయ్య పేరు నిలబడింది.

అక్క


విజయవాడ,
20 జనవరి 2026, మంగళవారం

అక్కా,

జనవరి 5న డాక్టరుగారి మాత్ర మొదలుపెట్టాను. అంతకుముందు నిద్ర పడుతున్నా ఇల్లు సర్దుకోవడం మళ్ళీ తప్పింది. పొయ్యి మీద గ్యాసు రెండుసార్లు కట్టెయ్యలేదు. సాయిశ్రీ భయపడితే మొదలుపెట్టాను. మాత్ర వేసుకున్న మూడోరోజు, ఒక పని మొదటినుంచి చివరిదాకా ఎలా ఉంటుందో చూశాను. ఆ రోజు బాత్‌రూములో కూర్చుని ఏడ్చాను. మిగతావాళ్ళందరికీ రోజూ ఇలాగే ఉంటుందా అక్కా?

కానీ పదిరోజులుగా అన్నం సయించడం లేదు. తిరగమోత వాసనకి వాంతి వస్తోంది. నడుం వాల్చితే లేవబుద్ధి కాదు. ఈ మాత్రకి ఆకలి తగ్గుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు, అదేననుకుంటున్నా. మీ మరిదిగారు "మానెయ్యి" అంటున్నారు. ఏం చెయ్యను?

సీతమ్మగారు ఊరికే అడిగిందట, ఆవిడ తినలేదు. డబ్బా దండగ కాలేదులే.

భ్రమరాంబ


పెడన,
23 జనవరి, శుక్రవారం

భ్రమరకి,

చెప్పానా? ఆ మాత్రలు ఇవాళే ఆపు. మరిదిగారు ఇన్నేళ్ళకి ఒక్క మంచిమాట అన్నారు, విను.

ఆకుకి ఆ గుణం ఉండదు. నేను నెలపైన అయింది పొడి తింటున్నా, నాకేమైంది? అరచేతులు దురద, అంతే. నూలుకి పెట్టే గంజి ఈసారి పడటం లేదు. పడుకుంటే అరికాళ్ళు కూడా గోకుతున్నానట, నిద్ర పాడుచేస్తున్నానని మీ బావగారు మంచం పక్కగదిలో వేసుకున్నారు. నాకూ అదే హాయి.

మజ్జిగన్నం తిను. ఆ డబ్బా ఎవరికిచ్చావో గానీ వాళ్ళకి నలభై రోజుల సంగతి గుర్తుచెయ్యి.

అక్క


విజయవాడ, ఆస్పత్రి,
3 ఫిబ్రవరి, మంగళవారం

అక్కా,

శనివారం ఉదయం ఆరింటికి అద్దంలో నా కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఎనిమిదింటికి ఆస్పత్రిలో చేర్చారు. కామెర్ల పరీక్ష ఒకటికి లోపు ఉండాలట, నాకు తొమ్మిదీ పాయింట్ రెండు. కాలేయం దెబ్బతిన్నదని చెప్పే ఇంకో అంకె నలభైకి లోపు ఉండాలట, నాకు పదకొండు వందల నలభై. పరీక్షల్లో వైరస్ ఏదీ లేదని వచ్చింది. మాత్రలు నువ్వు చెప్పిన రోజే ఆపాను. పొడి ఆపలేదు.

కాలేయం చూసే డాక్టర్ కృపానందంగారు వచ్చి ఒకటే అడుగుతున్నారు: ఏం తిన్నారు? ప్రత్యూషగారు కూడా వచ్చారు. తిట్టలేదు. "ఆకుమందులన్నీ చెడ్డవని నేను అనను. కొన్నిటి మీద పరీక్షలు జరుగుతున్నాయి, ఇంకా ఏదీ తేలలేదు. కొన్ని అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పేరు తెలిస్తేనే కదా దేన్ని అనుమానించాలో తెలిసేది" అన్నారు. మొదట్లోనే చెప్పలేదేం అని మాత్రం అడిగారు.

ఆదివారం ఫోను చేసి అడిగితే నువ్వు "ఒట్టు వేశానే" అని పెట్టేశావు. తర్వాత ఎత్తలేదు. డబ్బా పరీక్షకి పంపుదామంటే, శనివారం మీ మరిదిగారు కోపంలో దాన్ని తీసుకెళ్ళి ఏలూరు కాలవలో పడేశారు. ఒక్క చెంచా కూడా మిగల్లేదు.

పేరు ఎక్కడైనా రాశావేమోనని సాయిశ్రీ నీ ఉత్తరాలన్నీ ఆస్పత్రికి తెచ్చింది. నవంబరు కాగితం అది వెనక్కి తిప్పింది. "అమ్మా, నలభై రోజులే అని పెద్దమ్మ రాసింది, చూడలేదా?" అంది. చూడలేదు అక్కా. "ఇక చోటు లేదు" అని ఉంటే అయిపోయిందనుకున్నా. నేను ఎనభై నాలుగు రోజులు తిన్నాను. రెండో డబ్బా నాకే అడిగాను, సీతమ్మగారికి కాదు. నువ్వు ఆవిడకని పంపావు, నేనే తింటున్నానని నీకు రాయలేదు.

తప్పు నాదే, నీది కాదు. కానీ రక్తం గడ్డకట్టే పరీక్ష ఇంకా పెరిగితే హైదరాబాదు తీసుకెళ్ళమంటున్నారు. అక్కడికెళ్తే కాలేయం మార్చే మాట వస్తుందట. అత్తయ్య పోయి పద్దెనిమిదేళ్ళయింది. నేను ఉన్నాను.

పేరు చెప్పు.

భ్రమరాంబ


పెడన,
5 ఫిబ్రవరి, గురువారం

భ్రమరకి,

నేను నీకు విషం పెట్టానని నీ ఆస్పత్రి అంతా అనుకుంటోందన్నమాట. పలక మర్చిపోతే పరిగెత్తుకుని తెచ్చిచ్చిందాన్ని, నేను నీకు విషం పెడతానా? వెనక రాసింది చదవనిది నువ్వు. రెండూ కలపొద్దన్నాను, కలిపింది నువ్వు. కాలవలో పడేసింది మీ ఆయన. చివరికి వేలు నామీదికి చూపిస్తారు. పొద్దున ఇంతవరకు రాసి పెన్ను పెట్టేశాను.

ఇప్పుడు మూడు గంటలైంది. మీ బావగారు అన్నం దగ్గర నీ ఉత్తరం చదివారు. కంచం పక్కకి జరిపి, "రాఘవమ్మత్తయ్య కామెర్లకి పసరు పోసేది గుర్తుందా? బందరు ఆస్పత్రిలో పోయిన పిల్లాడి తండ్రి వచ్చి ఏ ఆకు పోశావని గుమ్మంలో నిలబడి అడిగితే, ఇలాగే ఒట్టు అంది" అన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. నేను ఆ రోజు వాకిట్లోనే ఉన్నాను. మరిచిపోయినట్టు ఉండటం నేర్చుకున్నాను.

రాస్తున్నా. సరస్వతి ఆకు నీడన ఎండబెట్టింది రెండు పాళ్ళు. విష్ణుక్రాంత ఒక పాలు. పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ అంటారు, పాలల్లో ఉడికించి ఎండబెట్టి దంచింది రెండు పాళ్ళు. వస కొమ్ము కాల్చింది చిటికెడు. అత్తయ్య చెప్పింది ఇంతే.

ఇది మొదటి డబ్బా. రెండో డబ్బా ఇది కాదు.

నువ్వు ఇంకోటి అడిగేసరికి నా దగ్గర లేదు. పెరట్లో పెన్నేరు తుఫాను నీళ్ళకి కుళ్ళిపోయింది, సరస్వతి ఆకు కొట్టుకుపోయింది. లేదని రాస్తే అత్తయ్య మాట పోతుందనిపించింది. బందరు బజారులో మూలికలు అమ్మే ఒకాయన దగ్గర "మెదడుకి" అని కలిపిన పొడి విడిగా ఉంటే తెచ్చాను. పేరు లేదు, చీటీ లేదు. అందులో ఏముందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పేరు అడగకూడదని మనకి అలవాటేగా. నల్లగా ఉందని నీకు రాశాను చూడు, అది అందుకే. ఆదివారం నువ్వు ఫోనులో ఏడుస్తుంటే ఒట్టు అన్నది సగమే నిజం. మిగతా సగం, నాకే తెలియదు.

దాంట్లో నా వాటా ఇంకా గుప్పెడు ఉంది. డబ్బాతో సహా యేసుబాబు చేతికిస్తున్నా. షాపులో ఇవ్వొద్దు, ఆస్పత్రికే వెళ్ళి సాయిశ్రీ చేతిలో పెట్టమన్నాను.

ఇంకోటి. నీ ప్రశ్నల కాగితం నింపిన రోజు, అవే ప్రశ్నలు నాకూ వేసుకున్నా. పద్నాలుగు అవును. అందుకే నేనూ తినడం మొదలుపెట్టా. నీకు ఒక డాక్టరు, ఒక పేరు దొరికాయి. నాకు అత్తయ్య పొడే ఉంది. ఎవరితోనూ అనకు.

కాగితం రెండో వైపు కూడా అయిపోయింది. వెనక చదివావా?

అక్క


విజయవాడ, ఆస్పత్రి,
6 ఫిబ్రవరి, శుక్రవారం, మధ్యాహ్నం మూడు

అక్కా,

వెనక చదివాను. మూడుసార్లు. సాయిశ్రీని కూడా చదవమన్నాను.

యేసుబాబు పన్నెండున్నరకి మంచం దగ్గరికే వచ్చి డబ్బా ఇచ్చాడు. కృపానందంగారు పొడిలో సగం పరీక్షకి పంపారు. ఏముందో తేలడానికి ఎన్నిరోజులవుతుందో చెప్పలేనన్నారు. పేర్లు చూసి, "ముందు అశ్వగంధని అనుమానిద్దాం, కానీ రెండో డబ్బాలో ఏముందో తెలియదు కాబట్టి అక్కడితో ఆగకూడదు" అన్నారు. నాకు ఇవాళ్టి అంకె ఎనిమిదీ పాయింట్ ఒకటి. తగ్గింది. గడ్డకట్టే పరీక్ష తగ్గలేదు, పెరగలేదు. రేపు మళ్ళీ చేస్తారు. అది చూసి హైదరాబాదు సంగతి చెబుతారు.

నీ మీదికి ఎవరూ వేలు చూపించడం లేదు. చూపించే ఓపిక నాకు లేదు, మీ మరిదిగారు కాలవ సంగతి తర్వాత ఎవరి మొహమూ చూడటం లేదు.

నీ పాత ఉత్తరాలు కూడా మళ్ళీ చదివాను. జనవరి 23న అరచేతులు దురద అని రాశావు. గంజి పడటం లేదన్నావు. అరికాళ్ళు కూడా గోకుతున్నానన్నావు. గంజి పెట్టేది చేతులతో అక్కా. అరికాళ్ళకి గంజి ఎందుకు తగులుతుంది? ఆ ఉత్తరం అప్పుడు నేను చదివాను, చూడలేదు. ఇవాళ కృపానందంగారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే ఆవిడ ఎక్కడుంటారు, ఎన్నాళ్ళ నుంచి తింటున్నారు అని అడిగారు. అరచేతులు, అరికాళ్ళ దురద కళ్ళు పచ్చబడకముందే రావచ్చట. నువ్వు తినేదీ ఆ రెండో డబ్బా పొడే.

ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. బావగారికి అంతా చెప్పాను. అయినా నువ్వు నమ్మేది కాగితాన్నే కాబట్టి ఇది యేసుబాబుతో పంపుతున్నా, రాత్రికి నీ చేతిలో ఉంటుంది. ఇంట్లో ఆ పొడి చిటికెడైనా మిగిలితే ముట్టుకోకు. ఈలోపు వాంతి అయినా, మూత్రం ముదురు రంగులో కనపడినా రేపటిదాకా ఆగొద్దు, బావగారు బందరు ఆస్పత్రికి తీసుకెళ్తారు.

నీ పద్నాలుగు అవునుల సంగతి నేను ఎవరితోనూ అనలేదు. ప్రత్యూషగారితో నువ్వే అను. ఆవిడ రేపు పదకొండింటికి నన్ను చూడటానికి వస్తారు.

వెనక ఏమీ రాయలేదు, అన్నీ ఇక్కడే ఉన్నాయి. అయినా తిప్పి చూసుకో.

రేపు శనివారం ఉదయం ఐదున్నరకి బావగారు నిన్ను బండి మీద బందరు బస్టాండుకి తీసుకొస్తారు. ఆరుంబావు విజయవాడ బస్సు. పరగడుపున ఎక్కు, నీళ్ళు తాగొచ్చు. కంకిపాడు దాటాక సాయిశ్రీకి ఫోను చెయ్యి. బెంజ్ సర్కిల్లో దిగు, అది ఎనిమిదింటి నుంచీ అక్కడే నిలబడి ఉంటుంది. తొమ్మిదింటికి రక్తం తీస్తారు. ముందు నీది, తర్వాత నాది.

భ్రమరాంబ